బొమ్మను కొంటున్నారు, ఆటను కూడా పిలవండి

రాష్ట్ర సాంస్కృతిక శాఖ అధికారులకు, దేవస్థానాల ఉత్సవ కమిటీలకు, మ్యూజియంలు నడిపేవారికి నమస్కారం.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట పేరు ఇవాళ చాలామందికి తెలుసు. తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే జీఐ ట్యాగ్) ఉంది. ఆ తోలుతో చేసిన దీపపు గొడుగులు, గోడకు తగిలించే దేవుళ్లు మేళాల్లో బాగానే అమ్ముడవుతున్నాయి. ఇది మంచి సంగతే. ఆ అమ్మకాలే లేకపోతే ఉలి పట్టిన చేతులు చాలావరకు ఈపాటికి కూలిపనులకు పోయేవి.

అయితే ఆ భౌగోళిక గుర్తింపు వచ్చింది హస్తకళ కింద, అంటే బొమ్మకు. బొమ్మ ఏం మాట్లాడుతుంది, ఎవరి గొంతుతో పాడుతుంది, ఏ ఘట్టంలో పరదాకు ఎంత దూరం జరుగుతుంది అన్నవి ఏ సర్టిఫికెట్‌లోకీ ఎక్కలేదు. తెలంగాణలో గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసే చేర్యాల నకాషీ పటాలకూ ఇదే జరిగింది. పటం డ్రాయింగ్ రూముల్లోకి వెళ్లింది, ఆ పటం విప్పి కులపురాణం చెప్పే కాకిపడగలవాళ్లకు పిలుపులు తగ్గిపోయాయి. ఈ ఉత్తరంలో మేం తోలుబొమ్మలాట గురించే రాస్తున్నాం. మా అభ్యర్థన ఒక్కటే: కొనేటప్పుడు బొమ్మనే కాదు, ఆటను కూడా కొనండి, రాత్రికి రాత్రంతా కొనండి. ఎందుకో, ఎలాగో వివరంగా చెప్తాం.

దీపపు గొడుగుకు కీళ్లు అక్కర్లేదు. ఆటబొమ్మను మెడ, భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్లు విడి ముక్కలుగా కోసి, రంధ్రాల్లోంచి దారం దూర్చి రెండు పక్కలా ముడి వేస్తారు. ముడి బిగుసుకుంటే చెయ్యి లేవదు, వదులైతే జారిపోయి వేలాడుతుంది. ఎత్తి వదిలితే మెల్లగా దిగాలి, అదీ లెక్క. ముడి కింద చిన్న తోలు బిళ్ల వెయ్యకపోతే లాగినప్పుడల్లా రంధ్రం సాగుతుంది, చివరికి అక్కడే చిరుగుతుంది. నర్తకి బొమ్మకు కీళ్లు అన్నిటికంటే ఎక్కువ. నడుము ఒకవైపు, మెడ ఒకవైపు తిరగాలంటే ఆ ముడుల్లో తేడాలుండాలి. గోడ బొమ్మలు మాత్రమే చేసే కుర్రవాడికి చిత్రం గీయడం వస్తుంది, చిల్లులు కొట్టడం వస్తుంది. ఈ ముడి మాత్రం రాదు, ఎందుకంటే అతనికి దాంతో పని పడదు. చెయ్యి ఎలా దిగుతోందో పరదా మీద చూసుకున్నవాడే ముడి సవరిస్తాడు.

రంగు సంగతీ అంతే. పరదా వెనక దీపం వెలుతురు తోలులోంచి దూరి వస్తేనే రాముడి నీలం, రావణుడి ఎరుపు జనానికి కనబడతాయి. అందుకే రంగు పల్చగా, పారదర్శకంగా, రెండు వైపులా వెయ్యాలి. ఇనామిల్ రంగో, చిక్కటి పోస్టర్ రంగో వేసిన బొమ్మ గోడ మీద ధగధగలాడుతుంది, పరదా మీద మాత్రం నల్లటి మచ్చే. నగలకు, కిరీటానికి, చీర అంచుకు కొట్టే చిల్లులు కూడా దూరాన కూర్చున్నవాళ్లకు వెలుతురు చుక్కలుగా కనబడేంత ఎడంగా ఉండాలి. మరీ దగ్గర దగ్గరగా కొడితే మధ్యలో తోలు నిలవదు, ఎడం పెరిగితే నగ నగలా కనిపించదు.

తోలు దగ్గరే చాలా శిక్షణ శిబిరాలు తప్పటడుగు వేసే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని కాస్త విడమరచి చెప్తాం. ఆటబొమ్మకు కావలసింది టానరీలో పదును చేసిన తోలు కాదు. అలాంటి తోలులోంచి వెలుతురు రాదు. కావలసింది పచ్చి మేకతోలు. పూర్వం దేవతా పాత్రలకు జింకతోలు వాడేవారు, 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ మాటే లేదు. ఉప్పు పట్టించిన పచ్చితోలును నీళ్లలో నానబెట్టి, ఒక పక్క వెంట్రుకలు, మరో పక్క కొవ్వు, పొర గీకేస్తారు. గోరువెచ్చని నీళ్లు పనిని తేలిక చేస్తాయి. చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు పోస్తే తోలు అక్కడికక్కడే ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. కొవ్వు ఎక్కడ మిగిలితే అక్కడ రంగు పట్టదు, తర్వాత పురుగూ అక్కడే చేరుతుంది. గీకిన తోలును నాలుగు వైపులా మేకులతో లాగి కట్టి ఆరబెట్టాలి. లాగుడు ఒకవైపు తక్కువైతే ఆ పక్క ముడత ఉండిపోతుంది. మండుటెండలో పడేస్తే పెళుసెక్కి, ఉలి దింపగానే పగులుతుంది. సరిగ్గా ఆరిన తోలు నూనె కాగితంలా ఉంటుంది, వేలు వెనక పెడితే నీడ కనబడుతుంది. చిన్న పాత్రకు ఒక తోలు చాలు. రావణుడికి నాలుగైనా కావాలి: మొండేనికి ఒకటి, కాళ్లకు ఒకటి, ఇటు చేతులకు ఒకటి, అటు చేతులకు ఒకటి. శిబిరానికి సరుకు కొనే ఉద్యోగి ఈ సంగతి తెలియక తలా ఒక చెప్పుల తోలు ముక్క చొప్పున తెప్పిస్తే ఐదు రోజుల శిబిరం అక్కడే ముగిసినట్టు. దయచేసి సరుకు జాబితా కళాకారుడి చేతే రాయించండి, తోలు ఎంపికకు, నానబెట్టడానికి, ఆరడానికి రోజులు విడిగా ఇవ్వండి.

ఇక ఆట. పాల్కురికి సోమనాథుడి కాలానికే చీర మరుగున బొమ్మలాడించేవాళ్లు ఉన్నారని పండితారాధ్య చరిత్ర చెబుతుంది. ఈనాటికీ పరదా అంటే తెల్లటి పంచెలో చీరలో ఒకదాని కింద ఒకటి చేర్చి ఈతముళ్లతో కూర్చినదే. కదలకుండా నిలబడాల్సిన బొమ్మను ముల్లు గుచ్చి పరదాకు ఆనిస్తారు, ఆడే బొమ్మ నడుమున వెదురు దబ్బ పట్టుకుని ఆడిస్తారు. ముందు వినాయకుడు, సరస్వతి. తర్వాత కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించి పోతారు. ఆ తర్వాతే కథ.

కథకు ఆధారం ఎక్కువగా గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం. అది ద్విపద. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, రెండు పాదాలకు ఒక జత. ఆటకు ఇది ఎలా అమరుతుందో పరదా వెనక నిలబడి చూస్తే తెలుస్తుంది. ఆడించేవాడు ఒక పాదం ఎత్తుకుంటాడు, వెనక వంత పాడేవాళ్లు అందుకుంటారు, వాళ్లు పాడే ఆ కాస్త సేపులో అతను కింద పరిచిన బొమ్మల్లోంచి తర్వాతిది తీసుకుని దబ్బ సర్దుకుంటాడు. పద్యం పొడుగైతే చెయ్యి ఖాళీగా ఉంటుంది, పొట్టిదైతే బొమ్మ అందదు. ద్విపద సరిగ్గా సరిపోతుంది. మనం రోజూ అనే ‘ఉడుతాభక్తి’ మాట వెనక ఉన్న ఉడుత కథ, ఇంద్రజిత్తు భార్య సులోచన కథ ఈ రామాయణంలో ఉన్నవే. వాల్మీకంలో వెతికితే దొరకవు. చదువు లేని ఊళ్లకు ఆ కథలు చేరింది ఇలాంటి పరదాల మీంచే. అన్నట్టు, ఈ కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీకి చెందిన ఆరె మాట. పరదా వెనక్కి వచ్చాక తెలుగు ద్విపద. మన భాష పదిలంగా ఉండటానికి వాళ్ల చలువ ఎంత ఉందో మనం సరిగా చెప్పుకోలేదు.

ఇప్పుడు ఉత్సవాల్లో జరుగుతున్నది చూడండి. ‘జానపద కళారూపాలు’ అని కార్యక్రమంలో ఒక వరుస ఉంటుంది, ఒక్కో బృందానికి 20 నిమిషాలు. 20 నిమిషాల్లో పట్టేది వినాయక ప్రార్థన, లంకాదహనం. ఏ వేదికకు వెళ్లినా అవే రెండు. పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునేది ఏది ఆడితే అదే కాబట్టి, వాళ్లకు అవే రెండు వస్తాయి. లక్ష్మణ మూర్ఛ, సులోచన ఘట్టం, భారతంలోంచి కీచకవధ, పద్మవ్యూహం, వానలు రానప్పుడు ఊరు పిలిచి ఆడించే విరాటపర్వం పెద్దవాళ్ల నోటిలోనే ఉండిపోతాయి. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ తగలబెట్టలేదు. అడిగేవాళ్లు లేక పోతున్నాయి. మా దృష్టిలో ఈ కళకు అన్నిటికంటే పెద్ద దెబ్బ సినిమా కాదు, టీవీ కాదు, ఈ 20 నిమిషాల వేదిక.

ఆ 20 నిమిషాలైనా సరిగ్గా జరగవు. సాయంత్రం నాలుగింటికి, ఎండలో ఆడమంటారు. బయట వెలుతురు ఉన్నంతసేపు నీడ పడదు. చీకటి పడ్డాక పిలిచినా వేదిక ముందున్న ఫ్లడ్‌లైట్లు పరదా మీదికి తిప్పి ఉంటాయి, బొమ్మ సగం మాసిపోతుంది. వెనక దీపం కూడా ముఖ్యం. ఆముదం దీపాలు పోయి పెట్రోమాక్స్ వచ్చింది, తర్వాత బల్బు వచ్చింది. మేం ఆముదం దీపమే పెట్టాలని పట్టుబట్టడం లేదు. కానీ ట్యూబులైటు, వెడల్పాటి ఎల్‌ఈడీ ప్యానెల్ పెట్టొద్దు. వెలుతురు ఒక్క చోటినుంచి రావాలి. హనుమంతుడు ఒళ్లు పెంచే చోట ఆడించేవాడు బొమ్మను పరదా నుంచి వెనక్కి, దీపం వైపు లాగుతాడు. దీపం చిన్న చుక్కలా ఉంటే నీడ గబగబా పెరిగి పరదా అంతా నిండిపోతుంది, పిల్లలు అరుస్తారు. వెలుతురు వెడల్పుగా పరుచుకుంటే ఆ నీడ పెరగకముందే చెదిరి బూడిదరంగు మబ్బు అవుతుంది. స్పష్టమైన గాజు బల్బు ఒకటి, కాస్త తగ్గించి పెంచుకునే డిమ్మర్ ఒకటి ఉంటే చాలు. ఇంతకంటే చవక సౌకర్యం ఇంకేముంటుంది?

కాబట్టి పిలిచేటప్పుడు ఇలా పిలవండి. సూర్యుడు దిగిన గంట తర్వాత మొదలుపెట్టించండి. ఆట జరిగినంతసేపు ముందు వైపు దీపాలన్నీ ఆర్పించండి. జనం పరదాకు 40 అడుగుల లోపలే కూర్చునేలా చూడండి, అంతకంటే దూరమైతే చిల్లుల పని కంటికి అందదు. పక్క మైదానంలో డీజే ఉండకూడదు. ఘట్టం పేరు ముందే చెప్పండి, ప్రతిసారీ కొత్తది అడగండి. బృందం అంటే కనీసం ఆరేడుగురు: ఆడించేవాళ్లు, ఆడపాత్రలకు గొంతిచ్చే స్త్రీలు, హార్మోనియం, మృదంగం, తాళాలు. ఇద్దరికి డబ్బిస్తామంటే ఇద్దరే వస్తారు, మిగతా శబ్దం రికార్డులోంచి వస్తుంది, ఆట కాస్తా బొమ్మల ప్రదర్శన అవుతుంది. దారి ఖర్చు, భోజనం, సగం పారితోషికం బయల్దేరేలోపు అందాలి. ఆర్నెల్ల తర్వాత వచ్చే చెక్కు కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన కళాకారుడు కొడుకుని ఈ దారిలోకి తీసుకురాడు.

రికార్డింగు విషయం ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. పేరుకు రికార్డు చేసి సగం పోగొట్టిన టేపులు చాలా చోట్ల ఉన్నాయి. ఒక్క కెమెరా చాలదు. ఒకటి ముందు, జనం కూర్చున్నచోట స్థిరంగా. రెండోది పరదా వెనక, ఆడించేవాళ్ల చేతులు, నేల మీద పరిచిన బొమ్మలు కనబడేలా. కళ ఎలా జరుగుతుందో రెండోదానిలోనే ఉంటుంది, మొదటిదానిలో ఉండేది ఫలితమే. కెమెరా ఎక్స్‌పోజర్ ఆటోలో పెట్టొద్దు. పెద్ద బొమ్మ రాగానే పరదా చీకటై, కెమెరా తనంతట తాను వెలుతురు పెంచుకుంటుంది, రంగులు పాలిపోతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 దగ్గర ఉంచితే బల్బు వణుకు పడదు. శబ్దాన్ని కెమెరా మైకుతో తీయొద్దు. పాడేవాళ్లకు ఒకటి, హార్మోనియం, మృదంగానికి ఒకటి, కింద చెక్కలకు ఒకటి వేర్వేరుగా తీసి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో కుదించని ఫైళ్లుగా ఉంచండి.

ఆ కింద చెక్కల గురించి ఒక్క మాట. ఆడించేవాడు నేల మీద బల్లచెక్క పెట్టుకుని దాన్ని కాలితో తొక్కుతాడు. యుద్ధం వచ్చినప్పుడు బాణం తగిలే దెబ్బ, గద దెబ్బ, రథం పరుగు అన్నీ ఆ చెక్కలోవే. స్టూడియోలో కూర్చున్నవారు దాన్ని అడ్డుపడే చప్పుడు అనుకుని ఫిల్టర్ పెట్టి తీసేస్తారు. తీసేస్తే రామరావణ యుద్ధం పద్యపఠనంగా మిగులుతుంది.

అలాగే హాస్యాన్ని కోసెయ్యొద్దు. కేతిగాడు, బంగారక్క మాటల్లో మోటు ఉంటుంది, బూతూ ఉంటుంది, ఆ ఊరి ధరల గురించి, నాయకుల గురించి ఎత్తిపొడుపులూ ఉంటాయి. ద్విపద పుస్తకంలో దొరుకుతుంది. ఈ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ ప్రాంతపు పలుకుబడి, సామెత, తిట్టు ఏ కాలంలో ఎలా ఉన్నాయో రేపటివాళ్లకు చెప్పేవి ఇవే. పిల్లలకు చూపించడానికి వేరే కూర్పు చేసుకోండి. మూల రికార్డు మాత్రం ముట్టుకోకండి.

ఆట అయిపోయాక రెండు మూడు రోజులకు రికార్డును ఆ కళాకారులకే వేసి చూపించి, ఆపి ఆపి అడగండి: ఇది పుస్తకంలోని పాదమా, మీ తాతలు కట్టిందా, అప్పటికప్పుడు అల్లిందా? ఇక్కడ ఈ బొమ్మ ఎందుకు ఎడమ నుంచి వచ్చింది? ఈ బొమ్మ ఎవరు చేశారు? ఆ జవాబులు లేని రికార్డు చూసేవాళ్లకు అందం, చదివేవాళ్లకు చీకటి. ఫైళ్లు మూడు నకళ్లు తీసి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంచండి, ఒకటి బృందానికే ఇవ్వండి. కాపీరైటు చట్టం 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద హక్కు 50 ఏళ్లు ఉంటుంది. సంతకం తీసుకునే కాగితం తెలుగులో ఉండాలి, అందులో ఎక్కడ వాడతారో, వాడితే ఎంత ఇస్తారో రాసి ఉండాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకునే పద్ధతి ఇకనైనా ఆగాలి.

మ్యూజియంలవారికి కొంచెమే చెప్పాల్సింది. పాత బొమ్మను లామినేట్ చేయించొద్దు, జిగురుతో బోర్డుకు అంటించొద్దు. తడి గాలికి తోలు ఉబ్బుతుంది, పొడి గాలికి బిగుసుకుంటుంది. కదలనివ్వకుండా అంటిస్తే కీళ్ల దగ్గరే చీలుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. అంతకంటే ముఖ్యం పగలు ఏసీ వేసి రాత్రి ఆపెయ్యకపోవడం. మెడకు తాడు కట్టి వేలాడదీస్తే బరువంతా ఒక్క ముడి మీదే పడుతుంది. బల్లపరుపుగా పడుకోబెట్టి, కింద పైన రంగు వెయ్యని నూలుగుడ్డ పరచండి. రంగుల మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటొద్దు. తోలు అంచుల్లో సన్నని పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టు. మందు చల్లొద్దు. పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, తీశాక చుట్టిన కవర్ విప్పకుండా ఒక రోజు గది వేడికి రానివ్వాలి. తొందరపడి విప్పితే చల్లటి తోలు మీద నీరు పడుతుంది. ఇక బొమ్మ కింద చీటీలో ‘హనుమంతుడు, మేకతోలు’ అని రాసి ఆపేస్తే అర్థం లేదు. ఏ బృందానిది, ఏ ఘట్టంలో వచ్చేది, అక్కడ పాడే ద్విపద పాదం ఏది, ఇవి కూడా రాయండి. వీలైతే పక్కనే ఒక బటన్ నొక్కితే ఆ పాదం వినిపించేలా పెట్టండి.

డబ్బు లేదన్న జవాబు వస్తుందని మాకు తెలుసు. ఒక జిల్లా ఉత్సవంలో పది బృందాలకు తలా 20 నిమిషాలిచ్చే బదులు, మూడు బృందాలకు మూడు రాత్రులివ్వండి. ఖర్చు అదే. మరుసటి ఏడు మరో మూడు. ఒక్కో రాత్రి ఒక్కో ఘట్టం, ప్రతిదీ పైన చెప్పినట్టు రికార్డు. నిమ్మలకుంట, కాకినాడ దగ్గరి మాధవపట్నం వంటి ఊళ్లలో పెద్దవాళ్లకు వచ్చిన ఘట్టాల జాబితా ముందుగా రాయించండి. ఏది ఒక్కరికే వచ్చో ఆ జాబితాలో తెలుస్తుంది. మొదటి రాత్రి వాళ్లకే.

శివరాత్రి జాగరణకు శివాలయాల ముందు తెల్లవార్లూ బొమ్మలాడించడం మన ఊళ్లలో పాత అలవాటు. చీకటి ఉంటుంది, జనం ఎలాగూ మేలుకునే ఉంటారు, కోడి కూసేదాకా ఎవరూ లేవరు. వచ్చే శివరాత్రికి మీ పరిధిలోని ఏ ఆలయం ముందు ఏ బృందం ఏ ఘట్టం ఆడబోతోందో సంక్రాంతిలోపు ప్రకటించండి. తోలు నానబెట్టుకోవడానికి, పాత బొమ్మల ముడులు మార్చుకోవడానికి, మరిచిన పాదాలు ఒకరికొకరు అందించుకోవడానికి వాళ్లకు ఆ నెల రోజులు కావాలి.

ఇట్లు,
తోలుబొమ్మలాటను పరదా ముందు నుంచీ, వెనక నుంచీ చూస్తూ వస్తున్న కొందరం